గడప దాటని కంప్యూటర్

మొన్న మా ఇంటికి కొత్త వాషింగ్ మిషన్ వచ్చింది. దాన్ని బిగించనీకి వచ్చిన మెకానిక్ మస్తు మాటకారి. బట్టల బరువు అదే చూసుకుంటదట, నీళ్ళు ఎన్ని కావాల్నో అదే తీసుకుంటదట, మురికి పోయిందో లేదో గూడ దానికే తెలుస్తదట. "దీన్ని ఉత్త మిషన్ అనుకోకు అమ్మా, లోపల ఉన్నది కంప్యూటరే" అని మిషన్ మీద అరచెయ్యితోని కొట్టి మరీ చెప్పిండు. మా మామ యాడ ఇన్నడో అని గబుక్కున అరుగు దిక్కు చూసిన. మామ పోయి ఎన్నేండ్లాయె. అయినా నా భయం పోలే.

మామ బతికున్న దినాలల్ల కరెంటుతోని నడిచేది ఏదైనా సరే, నేరుగ మా ఇంట్లకు వచ్చే వీలు లేకుండె. ముందుగాల అరుగు మీద కూసోవాలె. మామ వచ్చి నుదురు మీదున్న అద్దాలు ముక్కు మీదికి దింపుకొని, డబ్బను వేలి కణుపుతోని టకటక కొట్టి, చెవి ఆనిచ్చి ఇనేటోడు. తర్వాత విచారణ. అది కంప్యూటరా కాదా అనేది తేలాలె. కాదంటె లోపలికి. అవునంటె వచ్చిన తొవ్వనే వాపస్. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

దీనికంతటికి కారణం అరవై తొమ్మిదిల పెట్టిన ఒక ఒట్టు. అప్పటికి నేను ఇంకా చిన్నపిల్లను, నవాబుపేట దిక్కు మా ఊర్ల బడికి పోతున్న. ఇది మా అత్త చెప్పంగ ఇన్న ముచ్చట. మామ వికారాబాదుల ఒక ఆఫీసుల క్లర్కు. పొద్దుగాల తాండూరుల రైలెక్కేది, మాపటికి రైలుకే తిరిగొచ్చేది. కూడికలంటె ఆయనకు పాణం. మనం కూరగాయలు తెస్తె గూడ మన చేతి సంచి చూసి, మనం నోరు తెరవకముందే మొత్తం ఎంతయిందో చెప్పేటోడు.

ఆ యేడు హైదరాబాదు పెద్దాఫీసుకు కంప్యూటర్ అని ఒక మిషన్ వస్తున్నదని, అది వస్తె క్లర్కులందరు ఇంటికేనని పుకారు లేసింది. వీళ్ళల్ల ఒక్కడు గూడ దాన్ని కండ్ల చూడలే. ఒకాయన అది ఇల్లంత పెద్దగుంటదన్నడట. ఇంకొకాయన దానికి ఎప్పటికి చల్లగాలి కొడుతుండాలె, లేకుంటె అలిగి పనిచెయ్యదన్నడట. ఆఖరికి ఒక ఆదివారం ఆఫీసోళ్ళంత కలిసి అనంతగిరి గుట్టెక్కిండ్రు. గుండంల మునిగి, తడిబట్టలతోని పద్మనాభస్వామి ముంగట నిలబడ్డరు. ఆఫీసు గడప ఎట్లనూ మన చేతుల లేదు, ఎవరింటి గడపకు వాళ్ళే జిమ్మేదారు అనుకొని, "కంప్యూటర్ అనేదాన్ని మా పాణమున్నంత కాలం గడప దాటనియ్యం" అని అందరు ఒట్టేసుకున్నరు.

గుట్ట దిగేసరికి సగం మంది ఆ ఒట్టు మరిచిండ్రు. మిగిలినోళ్ళు కిందికొచ్చి మిర్చి బజ్జీలు తినుకుంట మరిచిండ్రు. మా మామ ఒక్కడే దాన్ని రైల్ల తాండూరు దాక మోసుకొచ్చిండు.

కొన్నేండ్లు ఆ ఒట్టుతోని ఎవరికి తక్లీఫ్ కాలే. తాండూరుల మా ఇంటికి కంప్యూటర్ తెచ్చి, లోపల పెట్టనియ్యమని అడిగేటోడు ఎవడు? నా పెండ్లయి నేను కాపురానికి వచ్చిన ఎనభైలల్ల అసలు పంచాయితీ మొదలైంది. సామాన్లు రాబట్టె.

మొదటి విచారణ నా మిక్సిదే. మా తల్లిగారోళ్ళు పంపిండ్రు. కొత్త కోడలిని, తలుపు ఎనుక నిలబడి కొంగు నలుపుతున్న. మామ కిటికిలకెళ్ళి వైరు గుంజి, దాన్ని అరుగు మీదనే తిప్పించిండు. దాంట్ల వేలు పెడితె ఏమైతదని నన్నడిగిండు. తెగుతది మామా అన్న. ఎవరి వేలైనా తెగుతదా, మంచోళ్ళదీ చెడ్డోళ్ళదీ చూడదా అన్నడు. చూడదన్న. "అట్లయితె దీనికి బుద్ధి లేదు. లోపలికి తీస్కపో బిడ్డా" అన్నడు. లోపలి నుంచి మా అత్త గొంతు ఇనపడ్డది, బుద్ధి లేకుంటెనే ఈ ఇంట్లకు రానిస్తరని, తనను గూడ గట్లనే తెచ్చుకున్నరని. మామ ఇననట్టే అద్దాలు మళ్ళ నుదురు మీదికి ఎక్కించుకున్నడు.

మా ఆయనది నాపబండల వ్యాపారం. లెక్కలకని ఒక కాలిక్యులేటర్ కొన్నడు. దాని మీద విచారణే అక్కరలేకపాయె. కూడికలు చేసే మిషన్ వస్తదనే గద మామ గుండంల మునిగింది! అది అరుగు మెట్టు గూడ ఎక్కద్దన్నడు. ఆనాటి నుంచి మా ఆయన ఇంటికి వస్తె జేబుల కాలిక్యులేటర్ ఉన్న అంగీ ఇప్పి బయట వేపచెట్టు కొమ్మకు తగిలిచ్చి, బనీను మీద లోపలికి వచ్చేది. ఎవరన్న చుట్టాలొచ్చి, అల్లుడు అంగీ లేకుంట తిరుగుతున్నడేంది, వ్యాపారం దివాలా తీసిందా అని నన్ను పక్కకు పిలిచి అడుగుతుండ్రి. ఏం చెప్పాలె? మా మామకు, కాలిక్యులేటర్‌కు పడదని చెప్పాల్నా? ఉక్కపోస్తున్నదని చెప్పేదాన్ని, చలికాలంల గూడ.

మామకు ఎదురు మాట్లాడే ధైర్యం ఉన్నోడు ఊరందర్ల ఒక్కడే, మా పక్కింటి సాబ్. గడియారాలు, రేడియోలు బాగుచేసే దుకాణం ఆయనది. మాపటికి దుకాణం మూసి వచ్చి మా అరుగు మీద కూసుంటడు. ప్రతి విచారణల సామాను తరఫున వాదించేది ఆయనే. ఫీజు ఒక చాయ్. సాబ్ కొడుకు సౌదికెళ్ళి మామ కోసమని ప్రేమతోని ఒక అంకెల గడియారం పంపిండు. ముండ్లు లేవు, చీకట్ల వెలుగుతది. మామకు నచ్చింది. చేతికి పెట్టుకొని మురిసిండు గూడ. టైం చూపిచ్చుడు తెలివి కాదు, కోడి గూడ చూపిస్తది అని పాస్ చేసిండు.

నెల మారింది. ఇరవై ఎనిమిది కాంగనే గడియారం ఒకటో తారీకు చూపిచ్చింది. మామ ఉలిక్కిపడ్డడు. ఇది ఫిబ్రవరి అని దీనికెట్ల ఎర్క, ఎవరు చెప్పిండ్రు అన్నడు. కంపెనీల చెప్పి పంపిస్తరు పటేలా అన్నడు సాబ్. ఒకసారి చెప్తె యాదికి పెట్టుకున్నదంటె, నాలుగేండ్లకొకసారి ఇరవై తొమ్మిది వస్తదని గూడ దానికి తెలుసా అని మామ అడిగిండు. సాబ్ నిజం చెప్పేటోడు, అది మాత్రం తెల్వదన్నడు. అట్లయితె దీనికి సగం బుద్ధి ఉన్నది, సగం బుద్ధి ఉన్నోళ్ళే పూర్తి బుద్ధి ఉన్నోళ్ళకంటె ప్రమాదమని చెప్పి మామ గడియారం ఇప్పి సాబ్ చేతుల పెట్టిండు. సాబ్ దాన్ని తన చేతికే పెట్టుకొని రోజు వస్తుండె. మామకు టైం కావాలంటె గోడ మీదికెళ్ళి తొంగిచూసి అడుగుతుండె.

అన్నిటికంటె పెద్ద కేసు ఫ్రిజ్జు. అది దానంతట అదే ఆగుతది, దానంతట అదే మొదలైతది. మామ దాని ముంగట కుర్చి ఏసుకొని పొద్దంత కూసున్నడు. నాకేమో ఎండకాలం, పాలు ఇరుగుతున్నయి, పెరుగు పులుస్తున్నది, అది లోపలికి వస్తె చాలు అని వెయ్యి దేవుండ్లకు మొక్కుతున్న. చల్లబడ్డదని తనే తెలుసుకొని ఆగుతున్నదంటె ఇది కంప్యూటరే అని మామ తేల్చబోతుంటె, సాబ్ చాయ్ కింద పెట్టి, ఎద్దు గూడ కడుపు నిండంగనే మేత ఆపుతది గద పటేలా, ఎద్దు కంప్యూటరా అన్నడు. మామ పది అడుగులు అటు నడిచి, ఇటు నడిచి, దీనికి తెల్వదు, చలి పెడ్తది గంతే, చలి పెట్టుడు వేరు తెలుసుడు వేరు అని తీర్పు చెప్పిండు. ఫ్రిజ్జు లోపలికి వచ్చిన దినం నేను సాబ్‌కు రెండు చాయ్‌లు పంపిన.

గిట్ల నవ్వుకుంట, తిట్టుకుంట కాలం గడుస్తుండె. మామ రిటైరైండు. ఒక దినం మా బండల కాడికి వచ్చి, పనోళ్ళతోని మాట్లాడుకుంటనే ధబీమని పడిపోయిండు. నీళ్ళు కొడితె లేసి, ఏం కాలేదని కోపం చేసిండు. ఇంకొన్ని దినాలకు వికారాబాద్ స్టేషన్ల మెట్ల మీద పడ్డడు. ఎవరో పట్టుకున్నరు గనుక తల పగలలే. హైదరాబాదు తీస్కపోతె డాక్టర్ చూసి, గుండె చాన నిదానంగ కొట్టుకుంటున్నది, మధ్యమధ్యల ఆగుతున్నది, ఎప్పుడో ఒకసారి ఆగి మళ్ళ మొదలుగాదు అన్నడు. పేస్‌మేకర్ అని అగ్గిపెట్టె అంత మిషన్ ఉంటదట, తోలు కింద పెడ్తరట. పెడితె నిమ్మళంగ బతుకుతడు. పెట్టకుంటె ఏ దినమన్నది చెప్పలేమన్నడు.

మామ అప్పటికే అద్దాలు ముక్కు మీదికి దింపిండు. గుండె ఎప్పుడు కొట్టాల్నో ఆ మిషన్‌కు ఎవరు చెప్తరు అని డాక్టర్‌ను అడిగిండు. మా ఆయన డాక్టర్ ఎనుక నిలబడి రెండు చేతులు ఊపుతున్నడు, చెప్పకు చెప్పకు అని. ఆ డాక్టర్‌కు ఆ మిషన్ అంటె ఎంత గర్వమో, ఆయన ఎవరి దిక్కు చూడలే.

"ఎవరూ చెప్పక్కర్లేదు పెద్దాయనా. మీ గుండె సరిగా కొట్టుకుంటే ఊరికే చూస్తూ ఉంటుంది. ఆలస్యమైతే తనే తెలుసుకుని కొడుతుంది. ఒకరకంగా చిన్న కంప్యూటరే అనుకోండి."

మామ లేసి డాక్టర్‌కు దండం పెట్టి, చెప్పులు తొడుక్కొని బయటికి నడిచిండు.

నాకు ఆ డాక్టర్ పండ్లు రాలగొట్టాలనిపించింది. ఆ ఒక్క మాట అనకుంటె ఏం పోయిందయ్యా నీకు? మా ఆయన వరండాల తలకాయ పట్టుకొని కూసున్నడు. చలి పెట్టుడు వేరు, తెలుసుడు వేరు అన్న ఫ్రిజ్జు కేసు చెప్పి చూసిన. తెలుసుకొని కొడ్తది అని డాక్టరే అన్నడు గద బిడ్డా, సాక్ష్యం అయిపాయె అన్నడు మామ. పాణం పోతదన్న భయం ఆయన మొహంల లేదు. కేసు గెలిచినోని లెక్క నిమ్మళంగ ఉన్నడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు మా అత్త కదిలింది. పోయి బల్ల మీద ఆయన పక్కన కూసొని, ఆ ఒట్టు ఎట్ల పెట్టిండ్రో మళ్ళొకసారి చెప్పమన్నది. మామ అక్షరం తప్పకుంట చెప్పిండు. "గడప దాటనియ్యమన్నరు. గుండెల పెట్టుకోమని గాని, వద్దని గాని అన్నరా?" అన్నది అత్త. మామ ఆమె దిక్కు కొత్త మనిషిని చూసినట్టు చూసిండు. ఇన్నేండ్ల సంసారంల నువ్వు తీసిన మొదటి పాయింటు ఇది అని సంబరపడి, చెప్పులు ఇడిచి లోపలికి పోయి, పెట్టుండ్రి అన్నడు.

పెట్టిండ్రు. కొన్ని దినాలకు జీపుల ఇంటికి తీస్కొచ్చినం. మొహంల రక్తం వచ్చింది, నడక గట్టిపడ్డది. అత్త దిష్టి తియ్యనీకి తలుపు కాడ ఎర్రనీళ్ళ పళ్ళెంతోని నిలబడ్డది. మామ అరుగెక్కి, గడప ముంగట ఆగిండు. లోపలికి రాండ్రి అన్నది అత్త.

"నేను రావచ్చు. ఇది రావద్దు" అని ఛాతి మీద చెయ్యి పెట్టుకున్నడు. "నువ్వే అన్నవు గద, ఒట్టు గడపకని."

అత్త తీసిన పాయింటే అత్తకు అడ్డం వచ్చె. మామ అరుగు మీద తుండుగుడ్డ పరుచుకొని కూసొని, మంచినీళ్ళు అడిగిండు.

ఇగ ఆయన సంసారమంత అరుగు మీదనే. మంచం, దోమతెర, రేడియో, చెంబు. స్నానానికి బయటి నుంచి తిరిగి పెరట్లకు పోయేది. ఎనుక తలుపుకు గూడ గడప ఉండె. ఊర్లోళ్ళు చూడనీకి వస్తె, మామకు మస్తు మజా. గుండెల కంప్యూటర్ ఉన్న మనిషి తాండూరుల తనొక్కడే అని చెప్పుకునేటోడు. సాబ్ రోజుకొక ఉపాయం తెచ్చేది. మిమ్మల్ని మేము ఎత్తుకపోతం, దాటేది మీరు గాదు మేము అన్నడు. దాటేది మీరైనా లోపలికి పోయేది అదే గద అన్నడు మామ. కిటికిలకెళ్ళి దింపుతమన్నడు సాబ్. దొంగలు పోయే తొవ్వల నా ఇంట్లకు నేను పోతనా అని మామ కస్సుమన్నడు.

మా ఆయన అనంతగిరి పోయి పూజారిని అడిగొచ్చిండు. ఒక కొబ్బరికాయ కొట్టి, స్వామికి చెప్పుకుంటె ఒట్టు ఇడిచినట్టే అన్నడట ఆయన. ఆ మాట చెప్తె మామ మెల్లగ అన్నడు.

"స్వామి ఇడుస్తడురా. నాతోని గుట్టెక్కినోళ్ళంత మరిచిండ్రు. నేను గూడ మరిస్తె, ఆ దినం ఎవ్వరు గుట్టెక్కనట్టే."

అప్పటిదాక నాకు ఆయన మీద కోపముండె. మొండి మనిషి, ఇంటిల్లిపాదిని పరేషాన్ చేస్తున్నడని. ఆ మాట ఇన్నంక కోపం చేసుకోనీకి నాతోని కాలే.

అత్త మాత్రం చిక్కిపోయింది. ఆయన అరుగు మీద తినేదాక లోపల తను ముద్ద ముట్టేది కాదు. పని చేసుకుంటనే ఘడియకొకసారి కిటికి కాడికి వచ్చి, ఆయన ఛాతి లేస్తున్నదా పడుతున్నదా అని చూసిపోయేది. బతికించుకొని ఇంటికి తెచ్చుకుంటె ఇంట్లకు రాకపాయెనని ఒకసారి నా ముంగటనే కండ్లనీళ్ళు పెట్టుకున్నది. ఆమె ఏడ్సుడు చూసి నేను గూడ ఏడ్సిన.

ముసురు మొదలైంది. ఈదురుగాలికి వాన అరుగు మీదికి కొట్టబట్టె. మంచం గోడకు జరిపినం, గోనెసంచులు కట్టినం. అయినా దుప్పటి తడుస్తనే ఉన్నది. మామకు దగ్గు పట్టింది, ఒళ్ళు కాలబట్టింది. ఇక్కడి డాక్టర్ చూసి, ఈ సలువ ఊపిరితిత్తులకు దిగితె గుండె మిషన్ ఎంత మంచిదైనా లాభం లేదు, లోపల పండవెట్టుండ్రి అన్నడు. మామ దగ్గుకుంటనే తల అడ్డంగ ఊపిండు.

తెల్లారి అత్త కట్టెపని చేసే వడ్లాయనను పిలిపించింది. తలుపు బిగుసుకపోయిందేమో అనుకున్న. ఆమె గడప చూపిచ్చి, తీసెయ్యమన్నది. వడ్లాయన రెండడుగులు ఎనుకకు వేసిండు. గడప అంటె లక్ష్మి అమ్మా, గడప లేని ఇల్లు ఇల్లయితదా, పెద్దమనుషులున్న ఇంట్ల ఈ పని నేను చెయ్య అన్నడు. అత్త ఆయనతోని వాదం పెట్టుకోలే. పెరట్లకు పోయి గడ్డపార తెచ్చింది. గడప ముంగట కూసొని, పసుపు రాసినట్టే ఒకసారి చెయ్యితోని రాసింది. కొంగు నడుముకు చెక్కి లేసి, మొదటి పోటు తనే ఏసింది. ఒక్క శుక్రవారం గూడ తప్పకుంట పసుపు కుంకుమ పెట్టిన గడప అది. ఆమె రెండో పోటు ఏసేసరికి వడ్లాయన చేతులెత్తి దండం పెట్టి, నువ్వు జరుగు తల్లీ అని గడ్డపార అందుకున్నడు.

మామ మంచం మీద లేసి కూసున్నడు. మట్టిపెళ్ళలు లేసుకుంట గడప ఊడొచ్చింది. అత్త, వడ్లాయన కలిసి దాన్ని గోడకు ఆనిచ్చిండ్రు. తలుపు కింద ఉత్త మట్టి కనపడ్డది.

"ఏం జేసినవే?" అన్నడు మామ.

"మీరు ఒట్టు తప్పేటోళ్ళు గారు" అన్నది అత్త, చెమట తుడుచుకుంట. "నేను మిమ్మల్ని వానల ఉంచేదాన్ని గాను."

మామ దుప్పటి కప్పుకొని లేసి వచ్చిండు. తలుపు కాడ ఆగి, అలవాటు కొద్ది అద్దాలు ముక్కు మీదికి దింపుకొని, గడప ఉండే జాగను ఈ కొననుంచి ఆ కొన దాక చూసిండు. సాబ్ తన ఇంటి ముంగట నిలబడి చూస్తున్నడు గాని, వాదం ఏం చెయ్యలే. మామ అద్దాలు తీసి కండ్లు తుడుచుకున్నడు. ఆయన ఏడ్సుడు నేను చూసింది అదే మొదలు. తర్వాత కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చిండు.

మా ఆయనకు సంతోషంతోని కాలు నిలువలే. ఇగ అడ్డమేమున్నది, రేపే రంగుల టీవీ తెస్త అన్నడు. మామ ఏదో అడగబోయి, నోరు మూసుకొని, ఇగ నువ్వే చెప్పు అన్నట్టు అత్త దిక్కు చూసిండు.

"ఏది ఒద్దు" అన్నది అత్త, మామ తడి దుప్పటి గుంజేసి పొడిది ఆయనకు కప్పుకుంట. "ఇంట్ల ఒక కంప్యూటర్ ఉన్నది. దాన్ని సంభాళించుడే నాతోని అయితలేదు."

మామ కిక్కురుమనకుంట పోయి పీట మీద కూసున్నడు.